చూరు చివర వంగిన మంచు ఊడలు

మంచు కురిసే ఊళ్లలో ఇంటి చూరు వెంబడి వేలాడే మంచు ఊడలు, అంటే ఇంగ్లీషులో ఐసికిల్స్ అనేవి, నిట్టనిలువుగా కిందికి దిగడంలో వింతేమీ లేదు. నీరు పల్లానికే పోతుంది, పోతూ పోతూ గడ్డకడుతుంది, అది గడ్డకట్టిన దారే ఊడగా మిగులుతుంది. అయితే చలికాలం సగం గడిచాక కొన్ని ఇళ్ల ఊడలు ఇలా నిలువుగా ఉండవు. వాటి మొదలు చూరు దాటి వీధివైపు పొడుచుకువచ్చిన మంచు అంచుకు అంటుకొని ఉంటుంది. అక్కడి నుంచి అవి ఏటవాలుగా ఇంటి గోడవైపు వస్తాయి, రాను రాను వంపు తిరిగి చివరికి నేలవైపు దిగుతాయి. కొన్నిటి మొన కిటికీ అద్దానికి జానెడు దూరంలో ఉంటుంది. కిందికి కారవలసిన నీరు పక్కకు ఎలా కారిందన్న సందేహం చూసిన ప్రతివాళ్లకూ కలుగుతుంది.

నేనుండే హోటన్ అనే చిన్న ఊరు అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ఉత్తర కొసన, సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవినా ద్వీపకల్పం మీద ఉంది. చలికాలంలో కెనడా వైపు నుంచి వీచే పొడి చలిగాలి ఆ సరస్సు మీదుగా వస్తూ, తనకంటే వెచ్చగా ఉన్న నీటి నుంచి తేమనూ వేడినీ పుచ్చుకొని, ఒడ్డు చేరి మెరక ఎక్కగానే ఆ తేమనంతా మంచుగా కుమ్మరిస్తుంది. అందువల్ల ఈ ద్వీపకల్పంలో చాలాచోట్ల ఏటా సగటున 200 అంగుళాలకు పైగా, అంటే ఐదు మీటర్లకు మించి మంచు పడుతుంది. 1978–79 చలికాలంలో పడిన 390.4 అంగుళాలు ఇక్కడి రికార్డు. 41వ నంబరు రహదారి పక్కన ఆ ఎత్తును చూపించే పెద్ద కొలబద్ద ఒకటి నిలబెట్టారు. ఇక్కడి మిషిగన్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో చదువుకోవడానికి మన పిల్లలు వస్తూనే ఉంటారు కాబట్టి, గుమ్మం పక్కన మంచు తోసే పార, వంటింట్లో ఆవకాయ సీసా రెండూ ఉన్న అద్దె ఇళ్లు ఈ ఊళ్లో కనబడతాయి. వంగిన మంచు ఊడలను తీరిగ్గా చూడడానికి ఇంతకన్నా మంచి చోటు వెతుక్కోనక్కర్లేదు.

వీటి ఫోటోలు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టినప్పుడు వెంటనే రెండు వివరణలు వచ్చాయి. ఎండ తగిలి మెత్తబడి వంగి ఉంటాయంది మా అమ్మ. "గాలికి పక్కకు కారి ఉంటాయిరా, వానాకాలం మనింటి చూరు నీళ్లు అరుగు మీదికి కొట్టేవి కాదూ," అన్నాడు మా బాబాయి. రెండూ కొట్టిపారేయదగ్గ మాటలు కావు. బాబాయి చెప్పినదానిలో కొంత నిజం కూడా ఉంది, ఆ సంగతి తరువాత చెబుతాను. కాని ఈ ఊళ్లో గోడవైపు వంగి కనిపించే ఊడల్లో ఎక్కువ భాగానికి కారణం వేరు. ఊడ వేలాడుతున్న పైకప్పు మంచే మెల్లగా ఒరిగి తిరిగింది, తనను పట్టుకొని ఉన్న ఊడను కూడా తనతో పాటు తిప్పింది.

ఈ మాట అర్థం కావాలంటే మొదట ఊడ ఎలా పెరుగుతుందో చూడాలి. దానికి గడ్డకట్టించేంత చలిగాలీ, అంత చలిలో కూడా ద్రవంగా ఉన్న నీరూ ఏకకాలంలో కావాలి. గాలి మైనస్ పది డిగ్రీల్లో ఉన్నప్పుడు కారే నీరెక్కడిదంటే, చాలావరకు ఇంటి వేడి వల్ల పుట్టినదే. గదుల్లోని హీటరు వేడి అటక మీదుగా పైకప్పులోకి కొంత పోతూనే ఉంటుంది. పైకప్పు మీద పేరుకున్న మంచు పలుకుల మధ్య గాలి ఎక్కువ కాబట్టి అది వేడిని సులభంగా బయటికి వదలదు. పొర ఎంత మందంగా ఉంటే దాని అడుగు అంత వెచ్చగా ఉండి, పైన చలి ఎముకలు కొరుకుతున్నా అడుగున మంచు కరుగుతూనే ఉంటుంది. ఆ నీరు కప్పు వాలు వెంబడి చూరుదాకా దిగుతుంది. చూరు గోడ దాటి బయటికి ఉంటుంది కనుక దాని కింద వెచ్చని గది లేదు, అది బయటి గాలంత చల్లగా ఉంటుంది. అక్కడికి చేరిన నీటిలో కొంత గడ్డకట్టి చూరు పొడవునా గట్టులా పేరుకుంటుంది, మిగిలినది దాని మీదుగానూ సందుల గుండానూ కారి ఊడలుగా మారుతుంది. ఎండ బాగా కాసిన రోజున పైనుంచి కరిగిన నీరు కూడా దీనికి తోడవుతుంది.

పెరుగుతున్న ఊడ మొనను దగ్గర నుంచి చూస్తే అక్కడ ఐదు మిల్లీమీటర్ల వెడల్పుండే నీటి బొట్టు ఒకటి ఎప్పుడూ వేలాడుతూ కనిపిస్తుంది. ఊడ ఒళ్లంతా తడుపుతూ కిందికి జారే నీటి పొర మాత్రం మిల్లీమీటరులో పదో వంతు కన్నా పలచన. నీరు గడ్డకట్టేటప్పుడు కిలోకు 334 కిలోజూళ్ల వేడిని వదులుతుంది, ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి ఎంత వేగంగా లాక్కుపోగలిగితే మంచు అంత వేగంగానే పెరుగుతుంది. ఒంటి మీది పొర నెమ్మదిగా గడ్డకడుతూ ఊడ లావును పెంచుతుంది. మొన దగ్గర మాత్రం బొట్టు చుట్టూ పలుచని మంచు గొట్టం ఒకటి కిందికి సాగుతుంది, గొట్టం లోపల సన్నని నీటి పోగు అలాగే ఉండిపోతుంది. గొట్టం గోడ పలుచన కాబట్టి కొద్దిపాటి మంచుతోనే పొడవు చాలా పెరుగుతుంది. అందుకే పొడవు పెరిగే వేగం లావు పెరిగే వేగానికి ఎన్నో రెట్లుంటుంది. నీరు ధారగా కారుతున్నప్పటి కన్నా ఆగి ఆగి బొట్లుగా కారుతున్నప్పుడే ఊడ తొందరగా పొడుగవుతుందన్నది నాకు మొదట నమ్మబుద్ధి కాని విషయం, కాని లెక్క అలాగే తేలుతుంది. ఫిన్లాండ్ శాస్త్రవేత్త లాస్సె మాక్కొనెన్ 1988లో ఈ పెరుగుదలకంతటికీ ఒక గణిత నమూనా కట్టాడు. లోపలి నీటి పోగు తరువాత నిదానంగా గడ్డకడుతుంది, అప్పుడు అందులో కరిగి ఉన్న గాలి బయటపడి బుడగలవుతుంది. రాలిన ఊడను విరిచి చూస్తే నడిమధ్య కనిపించే తెల్లని చార అదే.

మన విషయానికి ఇందులో పనికివచ్చే ముక్క ఒక్కటే. గాలి కదలిక లేనప్పుడు బొట్టు మొన నుంచి నిలువుగానే వేలాడుతుంది కాబట్టి, ఊడలో ఏ భాగాన్ని తీసుకున్నా అది ఏర్పడే వేళకు నిలువుగానే ఏర్పడింది. ఇప్పుడు ఏటవాలుగా కనబడుతోందంటే, ఏర్పడిన తరువాత దాన్ని ఏదో తిప్పి ఉండాలి. తన బరువుకు తానే వంగిందనడానికి వీల్లేదు, నిలువుగా వేలాడేదాని బరువు దాని పొడవు వెంబడే లాగుతుంది గాని పక్కకు వంచదు. ఎండ సంగతీ ఇంతే. ఎండకు ఊడ కరిగి సన్నబడుతుంది, మొదలు వదులై విరిగిపడుతుంది, అంతేకాని మొనను గోడవైపు లేపుకోదు.

ఇక పైకప్పు మీది మంచు సంగతి. అది పడినచోటే పడి ఉంటుందని మనకు అనిపిస్తుంది గాని, నిజానికి అది ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. మంచుగడ్డ ఏ చలిలోనైనా తన కరిగే స్థానానికి చాలా దగ్గరగా ఉండే పదార్థం. మైనస్ పది డిగ్రీలంటే కెల్విన్ మానంలో 263, కరిగేది 273 దగ్గర, అంటే అప్పటికే కరిగే ఉష్ణోగ్రతలో 96 శాతం దగ్గర ఉందన్నమాట. ఇనుమును అదే నిష్పత్తికి వేడిచేయాలంటే దాదాపు 1,470 డిగ్రీల సెల్సియస్‌కు తీసుకుపోవాలి. అంత వేడిమీద ఉన్న ఇనుము ఎలా సాగుతుందో ఊహించగలిగితే, హిమానీనదాలు ఎందుకు ప్రవహిస్తాయో అర్థమవుతుంది. 1950ల్లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జాన్ గ్లెన్ మంచుగడ్డలను నొక్కి కొలిచి, ఒత్తిడి రెట్టింపయితే సాగే వేగం సుమారు ఎనిమిది రెట్లవుతుందని తేల్చాడు. పైకప్పు మీది మంచు గట్టి గడ్డ కాదు, ఒకదానికొకటి అతుక్కున్న పలుకుల పొర, కాబట్టి అది ఇంకా సులభంగా సాగుతుంది.

కొండవాలు మీద మంచు జారిపడే ప్రమాదాలను అధ్యయనం చేసేవాళ్లు ఈ కదలికను రెండుగా విడదీస్తారు. ఒకటి, పొర లోపల పలుకులు ఒకదాని మీద ఒకటి సర్దుకుంటూ, అడుగు భాగం కన్నా పై భాగం ఎక్కువ దూరం జరగడం. రెండోది, పొర మొత్తం కింది ఉపరితలం మీద ఒక్కటిగా జారడం. ఇళ్ల మీదా ఈ రెండూ జరుగుతాయి. తారు పలకలు పరిచిన కప్పు గరుకుగా ఉండి మంచును పట్టి ఉంచుతుంది. రేకుల కప్పు నున్నగా ఉంటుంది కనుక దాని మీద జారుడు ఎక్కువ. ఇంటి వేడికి అడుగున కరిగిన నీరు ఆ జారుడుకు తడి పూసినట్టవుతుంది. ఊడలకు నీరు పోసేదీ, వాటిని పట్టుకున్న మంచును కదిలించేదీ ఒకే వేడి కావడం వల్లనే, పొడవైన ఊడలూ వంపు తిరిగిన ఊడలూ తరచుగా ఒకే ఇంటికి కనిపిస్తాయి.

జరుగుతూ వచ్చిన మంచు చూరు అంచు దాటగానే దాని కింద ఆధారం లేకుండా పోతుంది. అయినా వెంటనే విరిగి పడదు. మంచం అంచు దాటి బయటికి జరిపిన పరుపు లాగా, వెనుక ఉన్న భాగం పట్టుకొని ఉండగా ముందుభాగం తన బరువుకు తాను కిందికి వాలుతుంది. ఆ బరువు తక్కువేమీ కాదు. కొన్ని వారాలుగా అణగిన మంచు ఘనపు మీటరుకు 300 కిలోలు తూగుతుందనుకుంటే, 40 సెంటీమీటర్ల మందంతో 60 సెంటీమీటర్లు బయటికి వచ్చిన అంచు ప్రతి మీటరు చూరుకు 72 కిలోలవుతుంది. ఇదే మంచును కర్రతో గట్టిగా కొడితే పెళుసుగా విరుగుతుంది. తనంత తానుగా, గంటల తరబడి, రోజుల తరబడి వాలనిస్తే విరగకుండా సాగుతుంది. గడ్డకట్టిన చూరు నీరు దానికి అడుగున తాపడంలా అంటుకొని ఉండడం కూడా అది నిలబడడానికి సాయపడుతుంది. కాస్త వెచ్చబడిన రోజుల్లో ఈ వాలడం వేగం పుంజుకుంటుంది.

ఇక్కడ తిరిగే దిశను కాస్త జాగ్రత్తగా చూడాలి. ఇల్లు మీకు కుడివైపునా, వీధి ఎడమవైపునా ఉండేటట్టు చూరుకు పక్కగా నిలబడ్డారనుకోండి. మంచు అంచు ఎడమవైపుకు పొడుచుకువచ్చి ఉంది, దాని కొస కిందికి దిగుతోంది. అంటే ఆ ముక్క మొత్తం గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతోంది. దాని అడుగుకు అంటుకొని నేలవైపు చూస్తున్న ఊడ కూడా అదే దిశలో తిరగాలి, అంటే మొన కుడివైపుకు, గోడవైపుకు రావాలి. బయటికి వాలుతున్న మంచు నుంచి వేలాడే ఊడ లోపలికి రావడం మొదట విడ్డూరంగా తోస్తుంది గాని, ఒక కాగితం మీద గీసి చూస్తే వేరే దారి లేదని తెలుస్తుంది. ఊడ ఇలా గోడవైపు తిరుగుతూ ఉండగానే, నీరు ఇంకా కారుతూ ఉంటే, మొన దగ్గర కొత్త మంచు నిలువుగా చేరుతుంది. పాత భాగం ఏటవాలు, కొత్త భాగం నిలువు. ఇది ఒక్కసారిగా కాక అనుక్షణం జరుగుతూ ఉంటుంది కాబట్టి మూల తేలకుండా నునుపైన వంపు వస్తుంది.

దీనికో చిన్న లెక్క వేయవచ్చు. మంచు అంచు రోజుకు 10 డిగ్రీలు తిరుగుతోందనీ, ఊడ రోజుకు 10 సెంటీమీటర్లు పెరుగుతోందనీ అనుకుందాం. నాలుగు రోజుల తరువాత మొదటి రోజు పెరిగిన భాగం 30 నుంచి 40 డిగ్రీలు ఒరిగి ఉంటుంది, దాని కింది భాగాలు వరుసగా తక్కువ తక్కువగా, మొన మాత్రం నిలువుగా ఉంటుంది. వేగాలు మారకపోతే ఏర్పడే వంపు ఒక వృత్త ఖండమే అవుతుంది. పెరిగే వేగాన్ని తిరిగే వేగంతో భాగిస్తే దాని వ్యాసార్థం వస్తుంది, ఈ ఉదాహరణలో అది సుమారు 57 సెంటీమీటర్లు. ఊడ నిదానంగా పెరిగి మంచు వేగంగా తిరిగితే వంపు బిగుతుగా ఉంటుంది. అందుకు విరుద్ధమైతే వంపు ఉందో లేదో అన్నట్టుంటుంది. నిజమైన ఇంటి మీద ఈ రెండు వేగాలూ ఏ రెండు రోజులూ ఒకేలా ఉండవు కాబట్టి ఊడలు కూడా కంపాసుతో గీసినట్టు ఉండవు.

అందుకే ఊడ ఆకారాన్ని చూసి జరిగిన కథను చాలావరకు చెప్పవచ్చు. వంపు నునుపుగా ఉంటే మంచు మెల్లగా, ఆగకుండా వాలింది. ఒకచోట ఠక్కున మూల తేలితే ఆ రోజు కప్పు మీది మంచు ఒక్కసారిగా జారి ఆగింది. మొదటి నుంచి మొన వరకు తిన్నగానే ఉండి మొత్తంగా గోడవైపు ఒరిగి ఉంటే, నీరు ఆగిపోయాక, ఊడ పెరగడం మానేశాక మంచు తిరిగింది. మొన మాత్రమే నిలువుగా ఉంటే అది నిన్నటిదాకా, బహుశా ఈ పొద్దుటిదాకా పెరిగినదే. బాగా ఒరిగిన సన్నని ఊడ తన బరువుకు కొంత కిందికి సాగుతుందన్న మాట నిజమే, అది కూడా మంచుగడ్డే కదా. కాని ఆ సాగుడు మొదలు కావాలన్నా ముందు దాన్ని ఒరగదీసేది పైకప్పు మంచే.

ఇవన్నీ చూడాలంటే ఇంటి ఎదుట నిలబడి లాభం లేదు. వీధిలోంచి చూసేవాళ్లకు వంపు గోడవైపు, అంటే వాళ్లకు దూరంగా పోతుంది కాబట్టి ఊడలన్నీ తిన్నగానే కనబడతాయి. ఇంటి పక్కకు వెళ్లి, చూరు పొడవు వెంబడి చూపు సారించినప్పుడే వంపు తెలుస్తుంది. అలా చూసినప్పుడు ఒకే చూరు మీద రెండు జాతుల ఊడలు కనిపించడం మామూలు. చెక్కకో, నీళ్లు పోయే గట్టరుకో అంటుకొని పెరిగినవి నిలువుగా ఉంటాయి, ఎందుకంటే చెక్కా గట్టరూ తిరగవు. మంచు అంచుకు అంటుకొని పెరిగినవే వంగుతాయి. ఈ తేడా ఒక్కటే చాలు, వంపుకు కారణం ఊడలో లేదనీ దాని ఆధారంలో ఉందనీ చెప్పడానికి. ఒక్కోచోట రెండు వరుసలు కూడా ఉంటాయి: మంచుతో పాటు బయటికి నడిచిపోయి బాగా ఒరిగిన పాత వరుస, దాని వెనుక చూరు అంచున కొత్తగా మొదలైన నిలువు వరుస.

చేతికి అందే ఎత్తులో ఉన్న ఊడను ఒకదాన్ని పట్టి చూస్తే ఇంకో రెండు సంగతులు తెలుస్తాయి. మొదటిది దాని ఒంటి మీద ఒకదాని కింద ఒకటిగా, దాదాపు సెంటీమీటరు ఎడంతో ఉండే ఉబ్బెత్తు కట్లు. ఊడ నిలువుగా పెరుగుతున్నప్పుడు ఈ కట్లు నేలకు సమాంతరంగా ఏర్పడతాయి. వంగిన ఊడలో పైభాగపు కట్లు ఊడతో పాటే ఒరిగి ఉంటాయి, మొన దగ్గరి కట్లు మాత్రం అడ్డంగా ఉంటాయి. టొరంటో విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ మోరిస్, ఆంటొనీ చెన్ ప్రయోగశాలలో ఊడలను పెంచి చూసి, శుద్ధమైన నీటితో పెంచితే ఈ కట్లు రావనీ, నీటిలో అతి కొద్దిగా ఉప్పు కలిసినా వస్తాయనీ కనుగొన్నారు. ఇంటి కప్పు మీది నీటిలో ఆ మాత్రం మలినం ఎలాగూ ఉంటుంది. రెండోది, ఏటవాలుగా తిరిగిన భాగం అడుగున వరుసగా మొలిచిన చిన్న చిన్న ఊడలు. పైభాగం ఒరిగాక నీరు ఒళ్లంతా చుట్టుకొని జారదు, అడుగువైపుకు చేరి మధ్యలోనే బొట్లుగా కారడం మొదలుపెడుతుంది. ఆ పిల్ల ఊడలు పుట్టిన నాటికి నిలువు. తల్లి ఊడ ఇంకా తిరిగితే అవి కూడా దానితో పాటు ఒరుగుతాయి, అప్పుడు వాటి మొనలు కూడా వంపు తిరుగుతాయి.

ఇక బాబాయి చెప్పిన గాలి. ఒకే దిక్కు నుంచి గాలి ఎడతెగకుండా వీస్తే మొన మీది బొట్టు ఒక పక్కకు ఒత్తుకుపోతుంది, ఊడ ఆ పక్కకే ఏటవాలుగా పెరుగుతుంది. సరస్సు ఒడ్డున రెయిలింగులకూ, రేవు కట్టడాలకూ వేలాడే ఊడల్లో ఇది బాగా కనిపిస్తుంది. అక్కడ ఆధారం కదలదు, ఊడ పుట్టడమే ఏటవాలుగా పుడుతుంది. ఇంటి చూరు దగ్గర రెంటినీ వేరుచేయడం కష్టం కాదు. గాలికి గోడవైపే వీచాలన్న నియమం లేదు, అది చూరు పొడవు వెంబడి ఒక పక్కకు వంచవచ్చు, వీధివైపు కూడా వంచవచ్చు. పైగా ఆ గాలి తగిలే చోట చెక్కకు వేలాడే ఊడలను, మంచుకు వేలాడే ఊడలను ఒకేలా వంచుతుంది. పైకప్పు మంచు వంచేది మాత్రం ఎప్పుడూ గోడవైపే, అదీ తనకు అంటుకున్న వాటినే.

ఆధారం తిరగడం వల్ల వంపు రావడం ఇళ్లకే పరిమితం కాదు. తగిలిన చోటే గడ్డకట్టే వాన కురిసినప్పుడు కరెంటు తీగల మీద కూడా ఇదే జరుగుతుంది. తీగకు ఒక పక్క మంచు ఎక్కువగా పట్టగానే ఆ బరువుకు తీగ మెలితిరుగుతుంది, అంతదాకా కిందికి వేలాడిన ఊడలు పక్కకు తిరుగుతాయి, ఖాళీ అయిన అడుగు పక్క కొత్త ఊడలు మొలుస్తాయి. అలా తిరుగుతూ తిరుగుతూ తీగ చుట్టూ మంచు పడుతుంది. 1998 జనవరిలో కెనడాలోని క్యూబెక్ ప్రాంతంలో రోజుల తరబడి కురిసిన ఇలాంటి వానకు ఉక్కు టవర్లే వరుసగా కూలిపోయాయి.

మనవైపు మంచు ఊడలు లేవు గాని, వాటికి దగ్గరి చుట్టాలు అనంతగిరి కొండల్లోని బొర్రా గుహల్లో ఉన్నాయి. గుహ కప్పు నుంచి వేలాడే సున్నపురాయి ఊడలు కూడా పలుచని నీటి పొర జారుతూ, మొన దగ్గర బొట్టు నిలుస్తూ పెరిగేవే. మంచు ఊడ వేడిని గాలికి వదిలి పెరిగితే, రాతి ఊడ కార్బన్ డయాక్సైడును గాలికి వదిలి పెరుగుతుంది. అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన మార్టిన్ షార్ట్, జేమ్స్ బేజెంట్స్, రేమండ్ గోల్డ్‌స్టీన్ 2005లో సహచరులతో కలిసి రాతి ఊడకూ, 2006లో మంచు ఊడకూ ఆదర్శమైన ఆకారాన్ని గణితంతో రాబట్టినప్పుడు రెండిటికీ ఒకే రూపం తేలింది. గుహ కప్పు జరగదు కాబట్టి రాతి ఊడలు సాధారణంగా తిన్నగా ఉంటాయి. గాలి దూరే గుహల్లో మాత్రం గాలివాలుకు ఒరిగినవి ఉంటాయి. గుహ నేల ఒరిగితే నేల నుంచి పైకి పెరిగే రాతి స్తంభాల నడుము రేఖ అక్కడి నుంచి దిశ మారుతుంది, అలాంటి మార్పులను పట్టుకొని చాలాకాలం నాటి భూకంపాల ఆనవాళ్లను వెతికే పరిశోధకులు ఉన్నారు. మంచు ఊడ వారంలో రాసే చరిత్రను ఆ స్తంభం వేల ఏళ్లలో రాస్తుందన్నమాట.

చూడముచ్చటగా ఉన్నాయి కదా అని వీటిని అలాగే వదిలేయడం మంచిది కాదు. గోడవైపు తిరిగే మంచు చివరికి కిటికీని తాకుతుంది, వెనుక ఉన్న మంచు ఇంకా తోస్తూ ఉంటే అద్దం పగులుతుంది. జపాన్‌లోని హొక్కైడోలో ఈ చుట్టుకుపోయిన చూరు మంచుకు మకిదారె అని పేరు పెట్టుకున్నారంటే అక్కడ దాని బెడద ఎంతో తెలుస్తుంది. ఆ దేశపు మంచు జిల్లాల్లో చలికాలం రాకముందే కిటికీల ముందు చెక్కలు అడ్డంగా బిగిస్తారు. నేనున్న వీధిలో పొడవైన కర్రకు అడ్డ పలక బిగించిన రూఫ్ రేక్ అనే పనిముట్టుతో, నేల మీదే నిలబడి, చూరు మీది మంచును మీటరు మేర లాగేస్తారు. ఆ పని చేసేటప్పుడు కూడా సరిగ్గా మంచు అంచు కింద నిలబడకూడదు. ఊడను విరవబోయి దాన్ని పట్టుకున్న మంచునంతా నెత్తిన వేసుకోవడం ఇక్కడ ఏటా వినే ముచ్చటే.

అసలు మందు అటకలో ఉంది. గదుల సీలింగు మీద ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, మందంగా పరిచి, వెచ్చని గాలి అటకలోకి దూరే సందులు మూసి, చూరు కింది నుంచి శిఖరం దాకా చల్లగాలి ఆడేటట్టు చేస్తే పైకప్పు బయటి చలిలోనే ఉంటుంది, అడుగున మంచు కరగదు. రెండు కిలోల ఊడను తయారుచేయడానికి కావలసిన నీటిని మంచు నుంచి కరిగించేందుకు దాదాపు 0.19 యూనిట్ల వేడి కావాలి. ఒక్క ఊడకు ఇది లెక్కలోకి రాదు. చూరు పొడవునా వందల బొట్లు రోజంతా నేలపాలవుతుంటే, అదంతా మనం డబ్బు కట్టి పుట్టించిన వేడే. మా పక్కింటి పెద్దాయన ఇల్లు కొనబోయే వాళ్లకు జనవరిలో వచ్చి చూడమని చెబుతుంటాడు, అదీ ఎదుట నుంచి కాదు, పక్క నుంచి. ఆయన ఇంటి చూరుకు ఏ ఊడలూ ఉండవు. ఫోటోలు కావలసినప్పుడు నేను అద్దెకున్న ఇంటి చూరే నాకు గతి, ఇన్సులేషన్ గురించి యజమానికి చెప్పి చూశాను, వేసవిలో చూద్దామన్నాడు.